మొదటి గేమ్ ఎక్కడ మొదలుపెట్టాలి? (తిరుపతి, చిత్తూరు వైపు ఈ పని తెలిసినవారు చెప్పగలరు)

కోటవీధి_కుర్రాడు
నేను తిరుపతిలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. చంద్రగిరి కోటలో జరిగే త్రీడీ గేమ్ ఒకటి తయారు చేయాలన్నది నా కోరిక. రాజమహల్, రాణిమహల్, వెనక కొండ, కాపలా మారే వేళ చూసి గోడ దాటే వేగులవాడు, ఇలా కథంతా నోటుపుస్తకంలో రాసి పెట్టుకున్నాను. ఊళ్ళోనే ఒక శిక్షణ కేంద్రంలో డబ్బు కట్టి చేరితే, వారు అన్‌రియల్ ఇంజిన్ అనే, గేమ్‌లు తయారు చేసే సాఫ్ట్‌వేర్‌లో ముందే సిద్ధంగా ఉన్న అడవి దృశ్యాన్ని తెరిచి, అందులో ఒక బొమ్మను నడిపించి చూపి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపించారు. యూట్యూబ్ పాఠాలు చూస్తున్నంతసేపూ అన్నీ అర్థమైనట్లే ఉంటుంది కానీ, వీడియో ఆపి ఖాళీ ప్రాజెక్టు తెరిస్తే ఏం రాయాలో తోచదు. నా దగ్గరున్నది నాలుగు జీబీ ర్యామ్ గల పాత ల్యాప్‌టాప్. ఏ ఇంజిన్ నేర్చుకోవాలి, ఏ భాష నేర్చుకోవాలి, ఈ కోట గేమ్‌ను ఎటునుంచి పట్టుకోవాలి?

నైట్‌షిఫ్ట్_నాయుడు
ముందు కోట జోలికి పోకండి. మాది చిత్తూరు, గేమ్ స్టూడియోలో పని చేస్తున్నాను కాబట్టి చెబుతున్నాను. మీరు రాసుకున్న ఆ ఒక్క కథలో గోడ ఎక్కడం, కాపలావాడి చూపు, చీకటి వెలుగులు, కెమెరా, మోడళ్ళు, యానిమేషన్, ఆటను సేవ్ చేయడం ఉన్నాయి. మా దగ్గర వీటిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క బృందం కూర్చుంటుంది. మీకు ఇప్పుడు కావలసింది ఒక్క తెరలో మొదలై అదే తెరలో ముగిసే ఆట. 1972లో అటారీ అనే గేమ్ కంపెనీలో చేరిన అలన్ ఆల్కార్న్‌కు, చేయి తిరగడం కోసమని ఆ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన నోలన్ బుష్‌నెల్ అప్పగించిన అభ్యాసమే పాంగ్. రెండు పలకలు, ఒక బంతి, పైన రెండు అంకెలు, అంతే. అది బయటికి వచ్చాక ఎంత పేరు తెచ్చుకుందో అందరికీ తెలుసు కానీ, ఇచ్చినప్పుడు మాత్రం అది అభ్యాసమే.

పుత్తూరు_కట్టు
నాయుడు గారు పాంగ్ ఉదాహరణ బాగానే ఇచ్చారు కానీ, అందులో ప్రోగ్రామే లేదన్న సంగతి వదిలేశారు. అది మొత్తం సర్క్యూట్లతో కట్టిన ఆట. ఆల్కార్న్‌కు లోపల ఏ తీగ ఎటు వెళుతుందో తెలుసు కాబట్టే అది అభ్యాసమైంది. నా మాట వింటే ఇంజిన్ జోలికి పోకుండా పైథాన్‌తో, పైగేమ్ లైబ్రరీతో మొదలుపెట్టండి. ఏ ఆట అయినా లోపల తిరిగేది ఒక్క లూప్: మీట నొక్కారా అని చూడటం, దాన్ని బట్టి, ఆట నియమాలను బట్టి వస్తువుల స్థానాలు మార్చడం, మారిన బొమ్మను గీయడం, మళ్ళీ మొదటికి రావడం. దాన్ని ఒకసారి చేత్తో రాసినవాడికి ఆ తరువాత ఏ ఇంజిన్ ఇచ్చినా భయం ఉండదు. ఇంజిన్‌తో మొదలుపెట్టినవాడు, ఆట ఎందుకు ఆగిపోయిందో తెలియక, ఫోరమ్‌లలో తిరుగుతూ ఉంటాడు.

జీవకోన_జీవి
ఎముక విరిగితే పుత్తూరు కట్టు కడతారని తెలుసు కానీ, ఆట మొదలుపెట్టక ముందే విరగ్గొట్టి కట్టు కడతారని ఇప్పుడే తెలిసింది.

నైట్‌షిఫ్ట్_నాయుడు
కట్టు గారితో నేను సగం వరకే ఏకీభవిస్తాను. లూప్ తెలియాలి, నిజమే. అయితే పైగేమ్‌లో మెనూ, బటన్లు, ఫోన్‌లో ఆడించడం వంటివన్నీ చేత్తో కట్టుకొనేసరికి కొత్తవారికి ఓపిక అయిపోతుంది, ఆట మధ్యలో ఆగిపోతుంది. నేను గోడో అంటాను. అర్జెంటీనాలో పుట్టిన ఇంజిన్ అది, 2014లో సోర్సు కోడ్ అందరికీ తెరిచారు, ఎంఐటీ లైసెన్సు కాబట్టి రేపు గేమ్ అమ్ముకొన్నా ఎవరికీ పైసా ఇవ్వనక్కరలేదు. నాలుగు జీబీ ల్యాప్‌టాప్‌లో, ప్రాజెక్టు తెరిచేటప్పుడు కంపాటిబిలిటీ రెండరర్ (పాత యంత్రాలకు తగినట్లు బొమ్మ గీసే పద్ధతి) ఎంచుకొంటే, 2డి ఆటలు హాయిగా నడుస్తాయి. అందులో కోడ్ రాసే భాష జీడీస్క్రిప్ట్ చూడటానికి పైథాన్‌లాగే ఉంటుంది. అన్‌రియల్ ఆ యంత్రంలో తెరుచుకొనేలోపు మీరు అలిపిరి నుంచి కొండెక్కి రావచ్చు.

బైరాగిపట్టెడ_బొమ్మలు
యూనిటీ అనే ఇంకో ఇంజిన్ సంగతి ఎవరూ ఎత్తడం లేదేమి? ఉద్యోగ ప్రకటనల్లో ఎక్కువగా కనిపించేది అదే కదా.

నైట్‌షిఫ్ట్_నాయుడు
ఉద్యోగం కోసమైతే యూనిటీ, అందులో వాడే సీ షార్ప్ భాష తప్పక నేర్చుకోవలసిందే, మా దగ్గర వాడేదీ అదే. 2023 సెప్టెంబరులో యూనిటీవారు ఇన్‌స్టాల్‌కు ఇంత అని రుసుము ప్రకటించి, గొడవ జరిగి, 2024 సెప్టెంబరులో ఎత్తివేశారు. ఆ మధ్యకాలంలో చాలామంది గోడోకు మారారు. మొదటి ఆటకు మాత్రం ఏ ఇంజిన్ అన్నదానిపై ఇన్ని పోస్టులు అనవసరం. ఏదో ఒకటి పట్టుకొని చివరిదాకా వెళ్ళడం ముఖ్యం.

లెక్కల_టీచరమ్మ
నేను పలమనేరు వైపు బడిలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు స్క్రాచ్‌తో, అంటే దిమ్మెలు పేర్చి ప్రోగ్రాం రాసే పద్ధతితో ఆటలు చేయిస్తుంటాను. కుర్రాడు గారి ఇబ్బంది వారిలోనూ చూస్తుంటాను. పాఠంలో చూపినదాన్ని అలాగే దించగలరు కానీ, చిన్న మార్పు అడిగితే ఆగిపోతారు. అందుకే నేను పాఠం పూర్తయ్యాక కంప్యూటర్లు ఆపించి, అదే ఆటను కాగితం మీద తెలుగులో రాయమంటాను. తెర మీద ఏమేమి వస్తువులు ఉన్నాయి, ఒక్కొక్కటి దేని వల్ల కదులుతుంది, ఏది దేనికి తగిలితే ఏమవుతుంది, ఆట ఎప్పుడు ముగుస్తుంది, ఈ నాలుగూ రాయగలిగితే కోడ్‌లో తోచకపోవడమన్నది చాలావరకు పోతుంది. మీ కోట కథను ఈ నాలుగు ప్రశ్నలతో రాసి చూడండి, పుస్తకం సరిపోదు.

మామిడితోపు
టీచరమ్మ గారి నాలుగు ప్రశ్నలకు నాలుగు వాక్యాల్లో సరిపోయే ఆట నేను చెబుతాను. చెట్టు మీద నుంచి తోతాపురి కాయలు రాలుతుంటాయి. కింద గంప ఎడమకు, కుడికి కదులుతుంది. గంపలో పడితే ఒక మార్కు, నేల మీద పడితే ఒక ప్రాణం పోతుంది. మూడు ప్రాణాలూ పోతే ఆట ముగుస్తుంది. జూన్, జూలై వచ్చిందంటే గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరే జిల్లా మాది, ఈ ఆట మేమే చేయాలి.

జీవకోన_జీవి
ఇలాంటి ఆటలు ప్లే స్టోర్‌లో కుప్పలుగా ఉన్నాయి. దీన్ని ఎవరు ఆడతారు? గంపలో పడ్డ కాయకు ఫ్యాక్టరీవారు ఇచ్చే ధర కూడా చూపిస్తే ఆటగాడు మొదటి నిమిషంలోనే మానేస్తాడు.

నైట్‌షిఫ్ట్_నాయుడు
ఎవరూ ఆడనక్కరలేదు, అదే దానిలోని సుఖం. మామిడితోపు గారి ఆటలో మీట చదవడం, కదలిక, యాదృచ్ఛిక స్థానం, టైమర్, తాకిడి, లెక్క, ఓటమి, మళ్ళీ మొదలు, అన్నీ ఉన్నాయి. గోడో అధికారిక పాఠాల్లో మొదటి 2డి ఆట కూడా ఇంచుమించు ఈ పరిమాణంలోదే, శత్రువులను తప్పించుకొనే ఆట. ముందు అది చేసి, ఆ తరువాత పాఠం మూసివేసి, మామిడి ఆటను సొంతంగా చేయండి. రెండింటికీ కావలసిన సామాను ఒకటే కాబట్టి ఎక్కడ ఆగిపోయారో అక్కడే మీకు రానిదేమిటో బయటపడుతుంది.

బైరాగిపట్టెడ_బొమ్మలు
రాలే వస్తువులు, తాకిడి అంటూ అంత హడావిడి ఎందుకు? మన పులి-మేక ఆట ఉంది కదా. మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవై మూడు బిందువులు. పాత మండపాల రాతి నేల మీద ఇప్పటికీ గీతలు కనిపిస్తాయి. వంతుల ప్రకారం ఆడేది కాబట్టి వేగం, ఫ్రేములు (తెర మీద క్షణక్షణం మారే బొమ్మలు) అన్న గొడవే ఉండదు. పైగా మనది అన్న గుర్తింపు ఉంటుంది.

పుత్తూరు_కట్టు
ఇది మంచి ఆలోచన, దీన్ని నేను సమర్థిస్తాను. ప్రతి బిందువుకూ ఒక అంకె ఇచ్చి, దాని పక్కన ఏయే బిందువులు ఉన్నాయో ఒక జాబితా రాసుకొంటే పలక మొత్తం అందులోకి వచ్చేస్తుంది. మేకను దూకి తినడానికి మాత్రం ఇంకో జాబితా కావాలి: ఈ బిందువు నుంచి, దీని మీదుగా, సూటిగా ఆ బిందువుకు అని. పలక త్రిభుజం, అడ్డగీతల కలయిక కాబట్టి దీన్ని సూత్రంతో రాబట్టబోతే తలనొప్పి, చేత్తో రాసుకోవడమే మేలు.

నైట్‌షిఫ్ట్_నాయుడు
ఒకే ఫోన్ మీద ఇద్దరు ఆడేదైతే నాకు అభ్యంతరం లేదు. కంప్యూటరే పులి ఆడాలన్న కోరిక రెండో రోజుకే పుడుతుంది, అక్కడ మొదటి ఆట కాస్తా ఆగిపోతుంది. ఎత్తులను ముందుకు లెక్కపెట్టి మంచిదాన్ని ఎంచుకోవడం వేరే చదువు. పైగా కదిలే వస్తువును అదుపు చేయడం అందులో రాదు. దాన్ని రెండో ఆటగా ఉంచుకోమంటాను.

కోటవీధి_కుర్రాడు
అందరి మాటలూ చదివాను. అధికారిక పాఠం ముగించి, మామిడి ఆట మొదలుపెట్టాను. టీచరమ్మ గారు చెప్పినట్లు ముందు కాగితం మీద రాసుకోవడం వల్ల, నిజంగానే చేయి ఆగలేదు. గంప కదులుతోంది, కాయలు రాలుతున్నాయి, మార్కులు పడుతున్నాయి. అయితే నా ల్యాప్‌టాప్‌లో నిదానంగా రాలే కాయలు, గేమింగ్ మానిటర్ ఉన్న మా మిత్రుడి కంప్యూటర్‌లో వానలాగా పడుతున్నాయి. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చలేదు. ఇంకొకటి, ఆట చాలాసేపు నడిస్తే నా యంత్రంలో మెల్లగా నత్తనడక పడుతోంది.

పుత్తూరు_కట్టు
కాయ స్థానానికి ప్రతి ఫ్రేములోనూ ఒకే అంకె కలుపుతున్నారు, అవునా? ఫ్రేముకు 5 పిక్సెళ్ళు అనుకొంటే, సెకనుకు 60 ఫ్రేములు చూపే మీ తెర మీద కాయ సెకనుకు 300 పిక్సెళ్ళు దిగుతుంది. మీ మిత్రుడి మానిటర్ 144 ఫ్రేములదైతే అదే కాయ 720 దిగుతుంది. వేగాన్ని సెకనుకు ఇంత అని రాసుకొని, ప్రతి ఫ్రేముకూ నడిచే ప్రాసెస్ ఫంక్షన్‌కు ఇంజిన్ అందించే డెల్టాతో, అంటే గత ఫ్రేము నుంచి గడిచిన కాలంతో గుణించండి. అప్పుడు ఎక్కడైనా 300 ఉంటుంది. లూప్‌ను చేత్తో రాసి ఉంటే ఈ ప్రశ్న మీకు వచ్చేది కాదని మళ్ళీ ఒకసారి మనవి చేస్తున్నాను.

నైట్‌షిఫ్ట్_నాయుడు
ఇంజిన్ వాడారు కాబట్టే ఆట ఇప్పటికే నడుస్తోందని నేనూ మనవి చేస్తున్నాను. నత్తనడక సంగతికి వస్తే, ఆట నడుస్తుండగా ఎడమవైపు సీన్ పట్టీలో రిమోట్ అన్నదాన్ని నొక్కి చూడండి. పట్టుకోలేకపోయిన కాయలన్నీ అక్కడ వరుసగా కనిపిస్తాయని నా అనుమానం. తెర దాటిన కాయ మనకు కనిపించదు కానీ, దాన్ని తీసివేయమని చెప్పేదాకా ఇంజిన్ దాన్ని కిందికి దింపుతూనే ఉంటుంది. గంపలో పడ్డ కాయకు, వస్తువును తీసివేసే క్యూ ఫ్రీ ఆజ్ఞ రాసి, నేల దాటిన కాయకు వదిలేసి ఉంటారు.

కోటవీధి_కుర్రాడు
రిమోట్ తెరిచి చూస్తే కాయల పేర్లు పట్టీ నిండా ఉన్నాయి. డెల్టా, క్యూ ఫ్రీ రెండూ పెట్టాక రెండు యంత్రాల్లోనూ ఒకేలా ఆడుతోంది. ఇప్పుడు ఆట పోనుపోను కష్టం కావడం కోసం, కాయకూ కాయకూ మధ్య వ్యవధిని ఒకటిన్నర సెకన్ల నుంచి మొదలుపెట్టి, పోనుపోను అర సెకను దాకా తగ్గిస్తున్నాను. అక్కడికి వచ్చేసరికి ఎంత బాగా ఆడినా ఓడిపోతున్నారని మిత్రులు సణుగుతున్నారు.

లెక్కల_టీచరమ్మ
మీ తెర వెడల్పు, గంప వేగం, గంప వెడల్పు చెప్పండి.

కోటవీధి_కుర్రాడు
తెర 720 పిక్సెళ్ళు, గంప సెకనుకు 400 కదులుతుంది, గంప వెడల్పు 120. కాయలన్నీ ఒకే వేగంతో దిగుతాయి.

లెక్కల_టీచరమ్మ
అయితే సణగడంలో న్యాయం ఉంది. కాయల వేగం ఒకటే కాబట్టి, పైన అర సెకను తేడాతో పుట్టినవి కిందికి కూడా అర సెకను తేడాతోనే చేరతాయి. ఆ అర సెకనులో గంప కదలగలిగేది 200 పిక్సెళ్ళు. ముందు కాయను గంప నడిమధ్యన పట్టారనుకొని, గంప సగం వెడల్పు 60 కలుపుకొంటే, ముందు కాయ పడిన చోటి నుంచి 260 పిక్సెళ్ళ లోపు పడే కాయనే ఎవరైనా అందుకోగలరు. మీరేమో తెర ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి పడేలా వదిలేశారు. ఒకటిన్నర సెకన్ల వ్యవధిలో అదే లెక్క 660 వస్తుంది, అందుకే మొదట్లో ఎవరికీ ఇబ్బంది కలగలేదు. కొత్త కాయ స్థానాన్ని తెర మొత్తం మీద కాకుండా, ముందు కాయకు అటూ ఇటూ అప్పటి వ్యవధికి తగిన దూరంలోపల మాత్రమే ఎంచుకోండి. 260కి బదులు 220 పెట్టుకొంటే ఆటగాడి చేతికి కాస్త వెసులుబాటు ఉంటుంది.

మామిడితోపు
టెన్త్‌లో ఈ టీచరమ్మ గారు మాకు ఉండి ఉంటే నేను తోపులో కాక ఐఐటీలో ఉండేవాణ్ణి.

బైరాగిపట్టెడ_బొమ్మలు
బొమ్మల సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెబుతాను. ఇంకా బొమ్మలు వేయకండి. గంప బదులు గోధుమరంగు దీర్ఘచతురస్రం, కాయ బదులు ఆకుపచ్చ గుండ్రం పెట్టుకొని ఆట సరిగా వచ్చేదాకా లాగండి. ఆ తరువాత కావాలంటే కెన్నీ సైట్‌లో సీసీ0 కింద ఇచ్చిన బొమ్మలు ఉన్నాయి, పేరు చెప్పకుండానే వాడుకోవచ్చు. గూగుల్‌లో వెతికి దొరికిన బొమ్మను మాత్రం దించి పెట్టుకోవద్దు. శబ్దానికి ఫోన్ చాలు. నిజమైన వెదురు గంపలో నిజమైన కాయను వేసి రికార్డు చేయండి, కొన్ని గడ్డి పోచలు అడుగున ఉంటే దబ్బుమనకుండా మెత్తగా వస్తుంది.

కోటవీధి_కుర్రాడు
టీచరమ్మ గారి లెక్క పెట్టాక ఇక ఎవరూ సణగలేదు. చిక్కల్లా తెలుగుతో వచ్చింది. ఆట పేరు "చిత్తూరు గంప" అని పెట్టాను, తెర మీద అక్షరాల బదులు గడులు వస్తున్నాయి.

పుత్తూరు_కట్టు
గోడో తనతో తెచ్చుకొనే ఫాంటులో తెలుగు అక్షరాలు లేవు. నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంటును ప్రాజెక్టులో వేసి, ఆ లేబుల్‌కు తగిలించండి. మీరు వాడుతున్నది నాలుగో వెర్షన్ అయితే ఒత్తులు వాటంతట అవే సరిగా కుదురుకొంటాయి. 2023లో వచ్చిన ఆ వెర్షన్‌తోనే మన లిపులను సరిగా పేర్చే ఏర్పాటు అందులోకి వచ్చింది. మూడో వెర్షన్‌లో ఉండగా తకారం కింద రావలసిన ఒత్తు రాక, అక్షరాలు విడిపోయి, ఊరి పేరే చదవరాకుండా పోయేది. ఇక్కడ మాత్రం ఇంజిన్‌కే నా ఓటు.

జీవకోన_జీవి
కట్టు గారు ఓటు మార్చిన ఈ దినాన్ని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకొంటున్నాను. గేమ్‌ను ప్లే స్టోర్‌లో ఎప్పుడు పెడతారు?

నైట్‌షిఫ్ట్_నాయుడు
తొందరేమీ లేదు. ప్లే స్టోర్‌లో ఖాతాకు ఒకసారి 25 డాలర్లు కట్టాలి. పైగా వ్యక్తిగత ఖాతా కొత్తగా తెరిచినవారు కనీసం 12 మందితో వరుసగా 14 రోజులు పరీక్ష నడిపించాకే అందరికీ విడుదల చేసే వీలు కలుగుతుంది. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో అయితే ఒక్కో గేమ్‌కు 100 డాలర్లు. ఇచ్.ఐఓ సైట్‌లో ఖర్చు లేకుండా పెట్టుకోవచ్చు. ఆటను బ్రౌజర్‌కు తగినట్లు వెబ్ ఎక్స్‌పోర్ట్ చేసి అక్కడ వేస్తే లింకు తెరిచినవారు బ్రౌజర్‌లోనే ఆడతారు. గోడో 4.3 నుంచి ఆ ఎక్స్‌పోర్ట్ థ్రెడ్లు (ఒకేసారి పక్కపక్కన నడిచే పనులు) లేకుండా కూడా కుదురుతుంది కాబట్టి సర్వర్ సర్దుబాట్ల తలనొప్పి తగ్గింది. మొదట "ఆడండి" అన్న బటన్ ఒకటి తప్పక పెట్టండి, ఆటగాడు ఎక్కడో ఒకచోట నొక్కేదాకా బ్రౌజర్ శబ్దాన్ని వినిపించదు.

కోటవీధి_కుర్రాడు
లింకు మీ అందరికీ వేదిక సందేశాల్లో పంపాను. ఫోన్‌లో వేలితో ఆడవచ్చు, కంప్యూటర్‌లో బాణం మీటలతో ఆడవచ్చు. మొహమాటం లేకుండా తప్పులు చెప్పండి.

మామిడితోపు
ఆట ముగిసిందని పలక వచ్చాక కూడా దాని వెనక కాయలు రాలుతూనే ఉన్నాయి, ప్రాణాలు సున్నా దాటి మైనస్ రెండుకు చేరాయి. రెండోది, ఫోన్‌లో నా బొటనవేలు గంప మీదే ఉండి గంప కనిపించడం లేదు.

నైట్‌షిఫ్ట్_నాయుడు
మొదటిదానికి, ఆట ముగిసిన క్షణంలో కాయలు పుట్టించే టైమర్‌ను ఆపి, తెర మీద మిగిలిన కాయలను తీసివేయాలి. రెండోదానికి, గంపను తెర అడుగు నుంచి కాస్త పైకి జరిపి, దాని కింద వేలికి చోటు వదలండి. చిన్నవిగా కనిపించే ఇలాంటి పనులే చివర్లో ఎక్కువ సమయం తింటాయి. మెనూ, మళ్ళీ ఆడే బటన్, ఫోన్ అడ్డంగా తిప్పితే ఏమవుతుందన్నది, శబ్దం ఆపే గుర్తు, ఇవన్నీ పూర్తి చేసినవారు తక్కువమంది. మా దగ్గరికి ఇంటర్వ్యూకు వచ్చేవారిలో, సగంలో ఆగిన పెద్ద గేమ్ చూపించేవారి కంటే ఇలాంటి చిన్నదాన్ని మొదటి నుంచి చివరిదాకా ఆడించగలిగినవారితోనే ఎక్కువసేపు మాట్లాడతాను.

జీవకోన_జీవి
నా స్కోరు 412. ఈ చర్చలో పాల్గొన్నవారిలో అత్యధికం నాదేనని నమోదు చేయవలసిందిగా కోరుతున్నాను.

లెక్కల_టీచరమ్మ
మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఫోన్‌లో ఆడి అంతకన్నా ఎక్కువ తెచ్చింది, ఎలాగో చూపించింది కూడా. గంపను లాగనే లాగదు. కాయ ఎక్కడ పడుతుందో అక్కడ తెరను తాకుతుంది, గంప ఆ క్షణంలోనే అక్కడ ప్రత్యక్షమవుతుంది. బాణం మీటలతో ఆడేవారికి సెకనుకు 400 అన్న పరిమితి ఉంది కానీ, వేలికి ఏ పరిమితీ లేదు. ఇక నేను చెప్పిన 260 లెక్కకు ఫోన్‌లో అర్థమే లేదు.

పుత్తూరు_కట్టు
వేలు తగిలిన స్థానాన్ని నేరుగా గంప స్థానంగా రాసి ఉంటారు. దానికి బదులు వేలి స్థానాన్ని గమ్యంగా మాత్రమే గుర్తు పెట్టుకొని, ప్రాసెస్ ఫంక్షన్‌లో మూవ్ టువర్డ్ అనే, గమ్యం వైపు కొంచెం కొంచెంగా జరిపే ఆజ్ఞతో గంపను అటువైపు సెకనుకు 400 చొప్పున నడిపించండి, డెల్టాతో గుణించడం మరవకుండా. అప్పుడు మీటలకూ వేలికీ ఒకే న్యాయం జరుగుతుంది.

కోటవీధి_కుర్రాడు
మార్చి మళ్ళీ ఎక్కించాను, లింకు పాతదే. ఫోన్‌లో ఇప్పుడు గంప పరుగెత్తుతుంది కానీ మాయమై తేలదు. పాత పద్ధతిలో వచ్చిన స్కోర్లను లెక్కలోకి తీసుకోవడం లేదు.

జీవకోన_జీవి
నేను మాత్రం మీటలతోనే ఆడాను.

మామిడితోపు
జీవి గారూ, మీ దగ్గర ల్యాప్‌టాప్ లేదని పోయిన నెల అమ్మకాల విభాగంలో మీరే రాశారు.